గద్యరచనయందు పేరా : ఏకవాక్యతా సంగతి విచారము

ఉపోద్ఘాతము

శాస్త్రవిషయములపై తెలుగున వెలువడుచున్న వ్యాసములను, పరిశోధన గ్రంథములను చదువు అధ్యాపకులకు ఒక అనుభవము తరచుగా కలుగుచుండును. ఒక్కొక్క వాక్యమును విడిగా చూచినచో దోషము కనబడదు. విభక్తులు సరిగానే ఉండును. చెప్పిన విషయములును సత్యములే. అయినను పుట ముగిసిన పిమ్మట రచయిత దేనిని సాధింపదలచెనో తెలియదు. ఆ విద్యార్థిని పిలిచి అడిగినచో నోటితో చక్కగా చెప్పగలడు. వ్రాసినదానియందు మాత్రము ఆ స్పష్టత లేదు. ఈ లోపము పదమునకు సంబంధించినది కాదు, వాక్యమునకు సంబంధించినదియు కాదు. వాక్యములు కూడి ఏర్పడు పేరాకు సంబంధించినది.

‘పేరా’ అను మాట ఆంగ్లమునుండి వచ్చి తెలుగున స్థిరపడినది. ‘పరిచ్ఛేదము’ అన్నచో సాహిత్యదర్పణాదులయందువలె ప్రకరణమను భ్రాంతి కలుగును. ‘ఖండిక’ అన్నచో పద్యఖండిక స్ఫురించును. కావున వాడుకలోనున్న పేరా శబ్దమునే ఇచట గ్రహించుచున్నాను.

వ్యాకరణము మన విద్యార్థికి వాక్యనిర్మాణమును బోధించుచున్నది. అలంకారశాస్త్రము సమగ్రకావ్యమును బోధించుచున్నది. నడుమనున్న పేరాను గూర్చి ప్రత్యేకముగ బోధించు అలవాటు మనకు తక్కువ. అది ఆంగ్లోపాధ్యాయుల సొత్తు అని భావించువారును కలరు. పేరాకు కావలసిన ముఖ్యనియమములు మీమాంసా న్యాయశాస్త్రములయందే కలవనియు, మనము నిత్యము పాఠము చెప్పు ఆ నియమములను విద్యార్థి వ్రాతయందు ప్రయోగింపజేయుటయే మిగిలినదనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఒక యజుస్సు ఎంతవరకు?

మీమాంసాదర్శనమున ద్వితీయాధ్యాయ ప్రథమపాదమునందు జైమిని మహర్షి ఋగ్యజుస్సామములకు లక్షణములు చెప్పెను. ఋక్కు పాదబద్ధము, దాని ఎల్ల ఎచ్చటనో ఛందస్సే తెలుపును. సామము గానరూపము. ఈ రెండును కాని మంత్రము యజుస్సు. యజుస్సులు గద్యమయములు, ఎడతెగక కలిపి పఠింపబడునవి. అట్టి పాఠమున ఒక యజుస్సు ఎచ్చట ముగియునో, మరియొకటి ఎచ్చట ఆరంభమగునో తెలియుట యెట్లు? ఇది పండితుల కుతూహలమాత్రము కాదు. ఒక్కొక్క మంత్రము ఒక్కొక్క కర్మయందు వినియోగింపబడవలెను. మంత్రము ఎల్ల తప్పినచో వినియోగము తప్పును.

ఈ సందేహమునకు జైమిని చెప్పిన సమాధానము నేటి గద్యరచయితకును శిరోధార్యము. పదసముదాయమునకు ప్రయోజనము ఒక్కటి కావలెను. దానిని విడదీసినచో భాగములు ఒకదానినొకటి అపేక్షింపవలెను. అప్పుడు అది ఏకవాక్యము. ఈ లక్షణమున రెండు అంశములు కలవు. మొదటిది ప్రయోజనైక్యము. రెండవది విభాగమునందు సాకాంక్షత. రెండును ఉండవలెను. ప్రయోజనము ఒక్కటియైనను భాగములు పరస్పరాపేక్ష లేక స్వతంత్రములైనచో అవి వేరువేరు వాక్యములు. ఆకాంక్ష ఉన్నట్లు తోచినను ప్రయోజనములు రెండైనచో వాక్యభేదము కలుగును. మీమాంసకులు వాక్యభేదమును ఎంత ప్రయత్నించి పరిహరింతురో అధ్యాపకులకు తెలియును. ఒకే విధివాక్యము రెండు అర్థములను విధించుట వారికి సమ్మతము కాదు.

తాళపత్రములయందు లేఖకులు పదములనడుమ సైతము ఎడము విడువక వ్రాసిరి. పద్యమునకు ఛందస్సు రక్షణ. గద్యము ఎచ్చట విరుగునో చదువరి అర్థమునుబట్టియే తెలిసికొనవలసియుండెను. అచ్చు వ్యాపించిన పిమ్మట పంక్తి మొదట కొంత ఖాళీ విడుచుట అలవాటైనది. ఖాళీ కంటికి కనబడు గుర్తు మాత్రమే. అది ఎచ్చట ఉండవలెనో నిర్ణయించునది ప్రయోజనము. నేటి విద్యార్థి పుట నిండినదనియో, పేరా పొడవైనదనియో, నాలుగు పంక్తులకు ఒకసారి విరుచుట అందమనియో ఖాళీ విడుచుచున్నాడు. యజుస్సును ఊపిరి ఆడనిచోటనెల్ల విరిచినట్లే ఇదియును.

కావున పేరాకు ఇట్లు లక్షణము చెప్పవచ్చును: ఒకే ప్రయోజనమును సాధించుచు, విడదీసినచో పరస్పరాకాంక్ష గల వాక్యసముదాయము పేరా. వాక్యమునకు చెప్పిన లక్షణమును వాక్యసముదాయమునకు అతిదేశించుట సంప్రదాయవిరుద్ధము కాదు. విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణమున యోగ్యతాకాంక్షాసత్తులు గల పదసముదాయమును వాక్యమనియు, వాక్యసముదాయమును మహావాక్యమనియు చెప్పి, మహావాక్యమునకు రామాయణ భారత రఘువంశములను ఉదాహరించెను. పేరా అట్టి మహావాక్యమునకు మిక్కిలి చిన్న రూపము.

ఈ లక్షణమునుండి ఒక సులభమైన పరీక్ష లభించుచున్నది. పేరాలోని ఒక్కొక్క వాక్యమును తొలగించి మిగిలినది చదువవలెను. తొలగించినను ఏ లోటును కలుగనిచో ఆ వాక్యము ఆ పేరాకు చెందినది కాదు. అది సత్యమే కావచ్చును, విలువైనదే కావచ్చును. దాని స్థానము వేరు.

స్వార్థము, పరార్థము

నోటితో చక్కగా చెప్పగలిగిన విద్యార్థి వ్రాతయందు ఎందుకు తడబడుచున్నాడు? ఈ ప్రశ్నకు నైయాయికులు అనుమానమును రెండు విధములుగ విభజించుటయందు సమాధానము కలదు. పర్వతముపై పొగను చూచి, వ్యాప్తిని స్మరించి, అచట అగ్ని కలదని తనకు తాను నిశ్చయించుకొనువానిది స్వార్థానుమానము. దానికి వాక్యములతో పనిలేదు. ఆ నిశ్చయమును ఇతరునకు కలిగింపవలెనన్నచో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను పంచావయవములు కావలెను. అది పరార్థానుమానము.

విద్యార్థి వ్రాయుచున్నది పలుమార్లు స్వార్థరూపమున ఉండును. విషయము అతని మనస్సున స్పష్టము. కావున హేతువును వ్రాయక ప్రతిజ్ఞను మాత్రము వ్రాయును, లేదా ఉదాహరణమును వ్రాసి అది దేనికి ఉదాహరణమో చెప్పక విడుచును. ఎదుట కూర్చుండి చెప్పునపుడు శ్రోత ముఖమునుబట్టి లోటు పూరించుకొనును. కాగితముపై శ్రోత లేడు. రచన అంతయు పరార్థమే అని విద్యార్థికి తెలియజేయుట మొదటి పాఠము కావలెను.

ప్రతి పేరాకును ఐదు అవయవములు ఉండవలెనని నా అభిప్రాయము కాదు. మీమాంసకులు మూడు అవయవములే చాలుననిరి. వర్ణనాత్మకమైన పేరాకు ఇవి అక్కరలేకపోవచ్చును. అయినను వాదము చేయు పేరాయందు ప్రతిజ్ఞ ఏది, హేతువు ఏది అని అడిగినచో వ్రేలితో చూపగలిగియుండవలెను.

వాక్యముల క్రమమునకు శ్లోకపాఠమున మనము అవలంబించు ఖండాన్వయపద్ధతి దారి చూపును. క్రియను చెప్పి, ఎవడు, దేనిని, ఎట్టిదానిని, ఎందులకు అని ప్రశ్నించుచు పదములను కూర్చుదుము. పేరాయందును ఒక వాక్యము ముగిసిన వెంటనే చదువరి మనస్సున ఒక ప్రశ్న పుట్టును. ‘ఎందువలన?’ అనియో, ‘అది ఎట్టిది?’ అనియో, ‘అట్లైన ఇది ఎట్లు పొసగును?’ అనియో అది ఉండును. తరువాతి వాక్యము ఆ ప్రశ్నకే సమాధానము కావలెను. వేరొక ప్రశ్నకు సమాధానము చెప్పినచో ఆకాంక్ష తీరదు. తగిన సమాధానమే నాలుగు వాక్యముల పిమ్మట చెప్పినచో సన్నిధి లోపించును.

ఒక ఉదాహరణము

పై నియమములను ఒక నమూనాయందు పరిశీలింతము. తర్కసంగ్రహమును గూర్చి విద్యార్థులు సామాన్యముగ వ్రాయు రీతిని అనుసరించి ఈ క్రింది పేరాను నేనే కూర్చితిని.

“అన్నంభట్టు ఆంధ్రుడు. ఆయన తర్కసంగ్రహమును రచించెను. కణాదుడు వైశేషికసూత్రకర్త. పదార్థములు ఏడు. గౌతముడు పదునారు పదార్థములను చెప్పెను. తర్కసంగ్రహమునకు దీపిక అను వ్యాఖ్యను అన్నంభట్టే రచించెను. ప్రమాణములు నాలుగు. వైశేషికులు ప్రత్యక్షానుమానములనే అంగీకరింతురు. నేడు తర్కము చదువువారు తగ్గిరి. అభావము ఏడవ పదార్థము.”

పది వాక్యములు, అసత్యము ఒక్కటియు లేదు. అయినను ఇది పేరా కాదు. ఏ వాక్యమును తొలగించినను మరియొక వాక్యమునకు లోటు కలుగదు. ‘పదార్థములు ఏడు’ అన్నది ఎవరి మతమో చెప్పలేదు; వెంటనే పదునారు అను సంఖ్య వచ్చుటచేత విరోధము తోచును. దీనిని ఇట్లు సవరింపవచ్చును.

“తర్కసంగ్రహము న్యాయవైశేషికములను రెండింటిని కలిపి బోధించు గ్రంథము. పదార్థవిభాగమున అన్నంభట్టు గౌతముడు చెప్పిన పదునారు పదార్థములను గ్రహింపక, వైశేషికుల మార్గమున ద్రవ్యము మొదలు అభావమువరకు ఏడు పదార్థములను చెప్పెను. ప్రమాణవిభాగమున మాత్రము వైశేషికులను అనుసరింపలేదు. వారు ప్రత్యక్షానుమానములను మాత్రమే అంగీకరింపగా, ఈయన నైయాయికులవలె ఉపమానశబ్దములను కూడ చేర్చి ప్రమాణములు నాలుగనెను. పదార్థములకు ఒక శాస్త్రమును, ప్రమాణములకు మరియొక శాస్త్రమును ఆశ్రయించుటచేతనే ఈ చిన్న గ్రంథము రెండు శాస్త్రములకును ప్రవేశద్వారమైనది.”

మొదటి వాక్యము ప్రతిజ్ఞ. నడిమి మూడు వాక్యములు దానిని సాధించుచున్నవి. చివరి వాక్యము నిగమనము. రెండవ వాక్యమును తొలగించినచో మూడవ వాక్యములోని ‘మాత్రము’ అను పదము నిరాలంబమగును. మొదటిదానిని తొలగించినచో తక్కినవి ఎందులకు చెప్పబడినవో తెలియదు. విభాగమున సాకాంక్షత అనగా ఇదియే. ఏడు, పదునారు అను సంఖ్యలు ఇప్పుడు విరోధింపక వాదమునకు ఉపకరించుచున్నవి.

తొలగించిన వాక్యములు వ్యర్థములు కావు. అన్నంభట్టు ఆంధ్రుడగుట, దీపికను తానే రచించుట గ్రంథకర్తను గూర్చిన పేరాయందు ఉండవలెను. తర్కాధ్యయనము తగ్గుట ఉపసంహారమున ఉండవచ్చును. వానిని ఇచట ఉంచుటయే దోషము. సంగ్రహించిన విషయమునంతను ఒకచోట కుప్పవోయుట ధాన్యరాశి వంటిది. గాదెకు అది తగును. విస్తరికి వండి వడ్డింపవలెను.

మతకర్తృ నిర్దేశము

ఇంతవరకు చెప్పిన దోషములవలన చదువరికి శ్రమ కలుగును. ఇక చెప్పబోవుదానివలన శాస్త్రమునకే హాని కలుగును. అది పూర్వపక్ష సిద్ధాంతముల సాంకర్యము.

మీమాంసాదర్శన ప్రథమాధ్యాయ ప్రథమపాదమున శబ్దనిత్యత్వ విచారము కలదు. అందు 6వ సూత్రము మొదలు 11వ సూత్రమువరకు శబ్దము అనిత్యమను పూర్వపక్షమునకు ఆరు హేతువులు చెప్పబడినవి. ప్రయత్నము చేసిన పిమ్మటనే శబ్దము వినబడుననియు, అది నిలువదనియు, శబ్దమును ‘చేయుట’ అను వ్యవహారము కలదనియు, ఇట్టివి ఆ హేతువులు. 12 మొదలు 17వరకు గల సూత్రములు వానికి సమాధానములు. 18 మొదలు 23వరకు గలవి నిత్యత్వమును సాధించుచున్నవి.

ఈ ప్రకరణమును తెలుగు చేయునపుడు, మొదటి ఆరు హేతువులను ‘శబ్దము ప్రయత్నమువలన పుట్టును. పుట్టినది నిలువదు. లోకమున శబ్దమును చేయుచున్నాడని వ్యవహరింతురు.’ అని వరుసగా వ్రాసి పుట ముగించినచో ఏమగును? గ్రంథాలయమున ఆ పుటను మాత్రము తెరచినవాడు శబ్దము అనిత్యమని జైమిని చెప్పెనని వ్రాసికొనును. మీమాంసయందు వేదనిత్యత్వము శబ్దనిత్యత్వముపై ఆధారపడియున్నది. దానినే తలక్రిందులు చేసినట్లగును.

సంస్కృతభాష్యములయందు ఈ ప్రమాదము తక్కువ. ‘నను’ అనగానే ఆక్షేపము ఆరంభమైనదనియు, ‘ఇతి చేత్’ అనగానే అది ముగిసినదనియు, ‘అత్రోచ్యతే’ అనగానే సమాధానము వచ్చుచున్నదనియు, ‘తస్మాత్’ అనగానే నిర్ణయమనియు చదువరి గ్రహించును. ఈ నిపాతములు పేరాల ఎల్లలను చూపు రాళ్లు. తెలుగు చేయు విద్యార్థి వీనిని పాదపూరణములుగ భావించి విడుచుచున్నాడు. విడిచినది ఒక చిన్న పదము. చెరిగినది రెండు మతముల నడిమి సరిహద్దు.

తెలుగువాక్యమునకు సహజమైన క్రమమువలన ఇంకొక చిక్కు కలదు. మన భాషయందు క్రియ చివర వచ్చును. ‘అని పూర్వపక్షి చెప్పుచున్నాడు’ అను భాగము నాలుగు పంక్తుల వాక్యమునకు చివర చేరును. అంతవరకు చదువరి దానిని గ్రంథకర్త మతముగనే గ్రహించుచు పోవును. కావున మతకర్తను ముందే చెప్పుట మేలు. ‘ఇచట అనిత్యవాదులు ఇట్లు ఆక్షేపింతురు’ అని పేరాను ఆరంభించి, పిమ్మట వారి హేతువులను చెప్పవలెను. ఆక్షేపము, సమాధానము మిక్కిలి చిన్నవైననే తప్ప రెండింటిని ఒకే పేరాయందు ఉంచరాదు.

నేడు భాష్యములను గురుముఖమున ఆమూలాగ్రముగ చదువువారు స్వల్పసంఖ్యాకులు. ఒక తెలుగు పరిశోధన గ్రంథమును ఆధారముగ గొని మరియొకటి వ్రాయువారు కలరు. మూలమునకు పోయి సరిచూచుకొను శక్తి లేనిచోట తెలుగు పేరాయే ప్రమాణమగును. అందు పూర్వపక్షము సిద్ధాంతముగ కనబడినచో ఆ తప్పు ఒకని వ్రాతతో ముగియదు, పరంపరగా సాగును. పేరారచనను శైలికి సంబంధించిన అలంకారముగ గాక, శాస్త్రరక్షణకు సంబంధించిన కర్తవ్యముగ నేను భావించుటకు ఇదియే హేతువు.

సర్వనామ పరామర్శ

మతసాంకర్యమునకు మరియొక ద్వారము సర్వనామము. ఈ రెండు వాక్యములను చూడుడు: “వాక్యార్థబోధ విషయమున కుమారిలునకు ప్రభాకరునకు భేదము కలదు. ఆయన మతమున పదములు ఇతరపదార్థముతో అన్వితమైన అర్థమునే బోధించును.” ఇందు ‘ఆయన’ ఎవరు? తెలిసినవాడు ప్రభాకరుడని గ్రహించును, ఏలయన అన్వితాభిధానవాదము ప్రభాకరమతము. తెలిసినవానికి ఈ వ్యాసముతో పనియే లేదు. తెలియనివాడు మొదట చెప్పబడిన కుమారిలుని గ్రహించినచో అభిహితాన్వయవాదిని అన్వితాభిధానవాదిగ చేసినవాడగును.

తచ్ఛబ్దము పూర్వోక్తమును పరామర్శించునని మనకు తెలియును. పూర్వోక్తులు ఇద్దరున్నచోట సర్వనామమును విడిచి నామమునే మరల చెప్పవలెను. పునరుక్తి యగునను భయము అనవసరము. సందేహమును తొలగించు పునరుక్తి దోషము కాదు. అట్లే ఒక శాస్త్రపదమునకు సొగసుకొరకు పర్యాయములు వాడరాదు. ‘హేతువు’ అని ఆరంభించి తరువాత ‘లింగము’ అనియు, పిమ్మట ‘సాధనము’ అనియు వ్రాసినచో చదువరి మూడు వస్తువులను వెదకును. మమ్మటుడు కావ్యప్రకాశ సప్తమోల్లాసమున చెప్పిన భగ్నప్రక్రమదోషము గద్యమునకును వర్తించును. ఆ ఉల్లాసముననే చెప్పబడిన సమాప్తపునరాత్తము మన వ్యాసములయందు మిక్కిలి కనబడును. నిగమనము చెప్పి పేరాను ముగించిన పిమ్మట, మరచిన హేతువొకటి జ్ఞప్తికి వచ్చి ‘మరియు’ అని అతికించుటయే అది. ఆ హేతువును దాని స్థానమున చేర్చవలెను.

పేరాల నడుమ సంగతి

ఒక్కొక్క పేరా నిర్దుష్టమైనను పేరాల నడుమ సంబంధము లేనిచో వ్యాసము సిద్ధింపదు. పాఠశాలలయందు క్రొత్త ప్రకరణము ఆరంభించునపుడు గురువులు ముందుగ అడుగు ప్రశ్న ‘సంగతి ఏమి?’ అనునది. దీనిని చెప్పిన పిమ్మట ఇది ఎందుకు చెప్పబడుచున్నది అని దాని భావము. సమాధానము చెప్పనిదే పంక్తి ముందుకు సాగదు. వ్యాఖ్యాతలు ఈ ప్రశ్నకు సమాధానముగనే అవతారికను వ్రాయుదురు.

నైయాయికులు సంగతిని ఆరు విధములుగ చెప్పిరి. ప్రసంగము, ఉపోద్ఘాతము, హేతుత, అవసరము, నిర్వాహకైక్యము, కార్యైక్యము అని వాని పేర్లు. వీనిని పేరాలకు ఇట్లు అన్వయింపవచ్చును. ముందు పేరా చెప్పుచుండగా స్మృతికి వచ్చి ఉపేక్షింపదగని విషయమును చెప్పుట ప్రసంగము. ముఖ్యవిషయము సిద్ధించుటకు కావలసినదానిని ముందుగ విచారించుట ఉపోద్ఘాతము. కార్యకారణభావముచేత ఒకదాని వెనుక ఒకటి చెప్పుట హేతుత. ప్రత్యక్షము అనుమానమునకు ఉపజీవ్యమగుటచేత ప్రత్యక్షానంతరము అనుమానమును నిరూపించుట ఇట్టిది. ముందు తెలియవలసినదానిని గూర్చిన జిజ్ఞాస తీరిన పిమ్మట తగిన సమయమున తరువాతిదానిని చెప్పుట అవసరము. అనుమానానంతరము ఉపమానమును చెప్పుట ఇట్టిది. రెండు విషయములను నిర్వహించునది ఒక్కటే యగుట నిర్వాహకైక్యము. రెండును కలిసి ఒకే కార్యమును సాధించుట కార్యైక్యము.

ఇందు ప్రసంగసంగతిని గూర్చి జాగరూకత వహింపవలెను. స్మృతికి వచ్చుట మాత్రము చాలదు; ఉపేక్షింపదగనిది కూడ కావలెను. విద్యార్థులు మొదటి అంశమును మాత్రము పాటింతురు. స్మృతికి వచ్చినదెల్ల వ్రాయుదురు. కాళిదాసును గూర్చి వ్రాయుచు ఉజ్జయినిని, ఉజ్జయినిని గూర్చి వ్రాయుచు విక్రమశకమును చేరుదురు. ‘దీనిని ఉపేక్షించినచో ప్రకృతమునకు ఏమి లోటు?’ అను ప్రశ్నకు సమాధానము లేనిచో ఆ పేరాను విడువవలెను.

సంగతిని చూపుటకు దీర్ఘమైన అవతారిక అక్కరలేదు. ‘ఇక’, ‘అట్లైనను’, ‘ఇందులకు హేతువు’, ‘ఈ ఆక్షేపమునకు సమాధానము’ వంటి ఒక్క మాట చాలును. కాని ఆ మాట సత్యము కావలెను. హేతువు లేనిచోట ‘కావున’ అనియు, విరోధము లేనిచోట ‘కాని’ అనియు వ్రాయుట కృతక సంగతి. అది లేని వంతెనకు కట్టిన తోరణము.

ఆక్షేప సమాధానములు

ఇచట ఇట్లు ఆక్షేపింపవచ్చును. పేరా ముద్రణతోను, ఆంగ్లవిద్యతోను వచ్చిన నవ్యవ్యవస్థ. దానిని జైమినియందు వెదకుట నవ్యమును ప్రాచీనముపై ఆరోపించుట కాదా? సమాధానము. జైమిని పేరాకు లక్షణము చెప్పెనని నేను చెప్పలేదు. ఎడతెగని గద్యమున ఒక అర్థఖండము ఎంతవరకు అను ప్రశ్న ఉభయత్ర సమానము. ప్రశ్న సమానమైనపుడు నిర్ణయోపాయము కూడ ఉపకరించును. పేరు నూతనమైనంతమాత్రమున వస్తువు నూతనము కాదు.

మరియొక ఆక్షేపము. సూత్రములయందు ఇంత విస్తరము లేదు గదా. సంక్షేపమే శాస్త్రలక్షణము గదా? సత్యమే. సూత్రము ధారణకొరకు ఏర్పడినది. దాని వెంట గురువు, భాష్యము కలవు. నేటి వ్యాసము వెంట ఎవరును రారు. పైగా సంక్షేపమునకు క్రమము విరోధి కాదు. జైమినీయన్యాయమాలయందు మాధవాచార్యులు అధికరణములను బహుస్వల్పశ్లోకములలో సంగ్రహించియు సంశయమును, పూర్వపక్షమును, సిద్ధాంతమును కలగలుపలేదు. పొడవునకు స్పష్టతకు నియతసంబంధము లేదు. మూడు వాక్యముల పేరా అస్పష్టము కావచ్చును, పదునైదు వాక్యముల పేరా స్ఫటికమువలె ఉండవచ్చును.

బోధనయందు వినియోగము

అధ్యాపక మహాశయుల పరిశీలనకు ఐదు అభ్యాసములను సూచించుచున్నాను. వీనికి క్రొత్త పుస్తకములతోగాని, యంత్రపరికరములతోగాని పనిలేదు.

మొదటిది, విద్యార్థి వ్రాసిన ప్రతి పేరా ప్రక్కన దాని ప్రయోజనమును ఒకే వాక్యమున వ్రాయింపవలెను. ఆ వాక్యమున ‘మరియు’ అవసరమైనచో వాక్యభేదమున్నదేమో చూచి, ఉన్నచో పేరాను రెండుగ విభజింపవలెను. రెండవది, ముందు చెప్పిన విధమున ఒక్కొక్క వాక్యమును తొలగించి ఆకాంక్షను పరీక్షింపజేయవలెను. మూడవది, శాస్త్రవిచారమున ప్రతి వాక్యము క్రిందను అది ఎవరి మతమో పెన్సిలుతో గుర్తింపజేయవలెను. గుర్తింపలేని వాక్యమును మరల వ్రాయింపవలెను. నాలుగవది, రెండు పేరాల నడుమ అంచున సంగతి పేరు వ్రాయింపవలెను. ఆరింటిలో ఏదియు పొసగనిచో క్రమమునైనను మార్పవలెను, పేరానైనను తొలగింపవలెను. ఐదవది, వ్యాసమంతటిలోని పేరాల మొదటి వాక్యములను మాత్రము వరుసగా చదివింపవలెను. వాదము స్థూలముగనైనను తెలిసినచో రచన నిలిచినట్లే.

వీనితోబాటు పక్షమునకు ఒకసారి ఒక అధికరణమును ఇచ్చి దానిని తెలుగున వ్రాయించుట ఉత్తమమైన అభ్యాసము. విషయము ఒక పేరా, సంశయము ఒక పేరా, పూర్వపక్షము ఒక పేరా, సిద్ధాంతము ఒక పేరా, ప్రయోజనము ఒక పేరా. అధికరణరచన తెలిసిన విద్యార్థికి పేరాల విభాగము సిద్ధముగనే కలదు. అతడు చేయవలసినది ఒక్కొక్క దానిని పరార్థముగ విస్తరించుట మాత్రమే. మొదటి నెలలయందు ఒక్క అధికరణమునకు రెండు గంటలు పట్టవచ్చును. సవరించు అధ్యాపకునకును శ్రమయే. కాని పరిశోధన గ్రంథము పూర్తియైన పిమ్మట మూడువందల పుటలను సవరించుటకంటె ఈ శ్రమ స్వల్పము.

ఉపసంహారము

ప్రయోజనైక్యము పేరాకు ప్రాణము. ఆకాంక్షానుసారియైన క్రమము దాని శరీరము. మతకర్తృనిర్దేశము దాని సత్యమునకు రక్ష. సంగతి దానిని వ్యాసమునకు అంగముగ చేయును. ఈ నాలుగింటికిని మూలములు మనము ప్రతిదినము పాఠము చెప్పు గ్రంథములయందే కలవు. ఏకవాక్యతాధికరణమును కంఠస్థము చేసి, పరీక్షయందు ఒప్పజెప్పి, తన వ్యాసమున మాత్రము పది ప్రయోజనములను ఒక పేరాయందు కలుపు విద్యార్థికి ఆ అధికరణము ఇంకను రాలేదనియే నిర్ణయింపవలెను. ఇకముందు ఆ అధికరణమును బోధించు దినమున పలకగాని కాగితముగాని ఎదుట ఉంచుకొని, ఒక పేరా వ్రాయించి పాఠమును ముగించుట యుక్తము.